గొంతుగాడి పై స్వరం

పోయే ముందురోజు సాయంత్రం బాబాయి గడ్డం గీసుకునే బ్రష్షుతో కీబోర్డు మెట్ల సందుల్లో దుమ్ము దులిపాడు. పాత దుప్పటి కప్పి, "ఏమే, ఫ్యాను గాలికి ఎగిరిపోతోంది, ఈ కొసన ఏదైనా బరువు పెట్టు" అన్నాడు. పిన్ని చల్లారిన ఇస్త్రీపెట్టె తెచ్చి పెట్టింది. తెల్లారి ఆయన లేవలేదు.

సభల్లో వాయించడం బాబాయి వృత్తి. ఆయన, పక్కన ఒక గాయకుడు, అంతే బృందం. తాళం, బేసు అన్నీ కీబోర్డే చూసుకునేది. మొదట్లో ఆ గాయకుణ్ణి "తమ్ముడూ" అని పిలిచేవాడు. తర్వాత మా ఇంట్లో అతను గొంతుగాడైపోయాడు.

దానికి కారణం ఒక పాట. పిన్ని పెద్ద జబ్బు నుంచి లేచినప్పుడు బాబాయి కట్టిన బాణీ అది. గొంతుగాడు దాన్ని క్యాసెట్టుగా తెచ్చి, సంగీతం దగ్గర తన పేరే వేయించుకున్నాడు. అడిగితే రిహార్సల్ గదిలో అందరి ముందూ నవ్వాడు.

"బాణీదేముంది అన్నా? నేను పాడకపోతే అది ఉత్త పెట్టె మోతే కదా!"

ఆ మాట విని పిన్ని మండిపడింది. "ఇంకా వాడి వెనకాలే వాయిస్తారా? సిగ్గుండక్కర్లా?"

"మానేస్తే వాడు నా చేతికెలా చిక్కుతాడే?"

చిక్కాడు. పెద్ద హాల్లో గొంతుగాడికి సన్మానం. చివర్లో ఆ పాటే. నేను తెర పక్క నుంచి చూస్తున్నాను. బాబాయి ట్రాన్స్‌పోజ్ మీట మూడుసార్లు నొక్కాడు. ఇక వేళ్లు పాత మెట్ల మీదే నడుస్తాయి, శ్రుతి మాత్రం ఎడమచేతి స్వరాలతో, బేసుతో సహా పైకి జరిగిపోతుంది. గొంతుగాడు ఆ ఎత్తు పసిగట్టకుండా ఆక్టేవ్ మీటతో కుడిచేతి స్వరాలను ఒక స్థాయి దించాడు. మొదటి వాయింపు బరువుగా, మెత్తగా వచ్చింది. పల్లవి హాయిగానే సాగింది. చరణంలో పై స్వరం దగ్గర గొంతు కీచుమని పగిలింది. హాలంతా గొల్లున నవ్వింది. బాబాయి ఆగలేదు. రెండో చరణంలోనూ అతన్ని అక్కడికే ఈడ్చుకెళ్లాడు.

నాకు కడుపు నిండిపోయింది. బాబాయికి మాత్రం నిండలేదు.

"జలుబు చేసిందని చెప్పుకు తిరుగుతున్నాడట్రా! కొట్టిందెవరో తెలియకపోతే అదేం దెబ్బరా?"

"పోనీ, వెళ్లి చెప్పేయరాదూ?"

"నా అంతట నేను వెళ్తే క్షమాపణకి వచ్చాననుకుంటాడు. వాడే రావాలి. నా చొక్కా పట్టుకోవాలి."

గొంతుగాడు మళ్లీ కబురు చేయలేదు, గొడవకీ రాలేదు. ఏళ్ల తరబడి గేటు చప్పుడైతే చాలు, బాబాయి మెడ సాచి చూసేవాడు. ఆ ఎదురుచూపులోనే పోయాడు.

పరామర్శకు గొంతుగాడు వచ్చాడు. జుట్టంతా నెరిసింది. కుర్చీ చూపించలేదు నేను. బాబాయి చేయలేని పని నేను చేద్దామనుకున్నాను.

"ఆ రోజు మీ గొంతు పగలగొట్టింది జలుబు కాదు. మా బాబాయి."

ఆ మొహం మాడిపోవడం కళ్లారా చూడాలని నిలబడ్డాను. అతను గుమ్మం పట్టుకుని తల దించుకున్నాడు.

"తెలుసు బాబూ. మీట నొక్కుతుంటే పక్కనే ఉండి చూశాను. దించన్నా అంటే దించేవాడే. అడగడానికి మొహం లేక పాడాను."