పులిచెద్దరు బర్రె, నూనె తాగిన పెట్టె

బస్సు వేములవాడ దాటి పది నిమిషాలైందో లేదో, హన్మండ్లు మోకాలి మీద ఏదో చల్లగా పడింది. చూస్తే నూనె. పక్క సీట్లో కూర్చున్న నలభై దాటిన ఆడమనిషి ఒళ్లో పాతచీర మూట ఒకటుంది. దాంట్లోంచి చుక్కచుక్కగా కారుతోంది.

"అక్కా, పచ్చడి జాడీ మూత సూడు."

"పచ్చడి కాదు తమ్మీ, కంప్యూటర్," అంటూ ఆమె కొంగుతో తుడిచింది. అతని మోకాలిని కాదు, మూటని.

హన్మండ్లు పదకొండేళ్లు దుబాయిలో ఉన్నాడు గానీ నూనె కారే కంప్యూటర్‌ను అక్కడ కూడా చూడలేదు. అడుగుదామనుకునేలోపే కండక్టర్ వచ్చి, ఆమెకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, మూట వైపు కన్నేశాడు.

"గదేంది అక్కా? లగేజీ కొట్టాలె."

"ఒళ్లె వెట్టుకుంటే లగేజీ ఎట్లయితది?"

"లోపల ఏమున్నది?"

"రెండువేల మంది. ఇందుల ముచ్చట్లు వెట్టుకుంటరు."

"అయితే రెండువేల టికెట్లు కొట్టాల్నా?"

"సగం ఆడోళ్లే, జీరో కొట్టు. తక్కినోళ్లు దుబాయిల ఉన్నరు, ఆడికి పోయి వసూల్ జేస్కో."

బస్సంతా నవ్వింది. హన్మండ్లు ఒక్కడే నవ్వలేదు. పొద్దున కోరుట్లలో బస్సెక్కి, సిరిసిల్లలో దిగి, తంగళ్ళపల్లిలో మూడు గంటలు తిరిగింది ఈ పెట్టె కోసమే. సర్వర్ ఆఫీసు ఎక్కడని అడిగితే ఒకాయన మీసేవ చూపించాడు, ఇంకొకాయన కరెంటాఫీసు చూపించాడు. ఎట్టకేలకు ఒకామె రాజమణి వాళ్ల సాంచల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు చూపిస్తే, దానికి తాళం.

"రాజమణక్కవు నువ్వేనా?"

"సర్వేకొచ్చినోనివైతే నేను కాదు."

"కోరుట్ల హన్మండ్లును. గా బర్రె ఫోటో..."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "పులిచెద్దరు బర్రె నీదేనా!"

బర్రె నిజానికి పెగడపల్లిలోని అతనికి పిల్లనిచ్చిన మామ మల్లయ్యది. చెద్దరు మాత్రం హన్మండ్లుది. పోయిన సెలవుకు గల్ఫ్ నుంచి ఆరు కిలోల పులిబొమ్మ చెద్దరు మోసుకొచ్చి మామకు కప్పితే, చలికాలంలో మామ దాన్ని చూడి బర్రెకు కప్పాడు. దుబాయి క్యాంపులో మంచం మీద పడుకొని వీడియో కాల్‌లో ఆ దృశ్యం చూసిన అల్లుడు దాన్ని ఫోటోగా పట్టి, కింద రెండు వాక్యాలు రాసి నెట్‌లో వదిలాడు: "మా మామకు నాకన్న బర్రెనే ఎక్కువ. ఇద్దరి తెలివీ ఒక్కటే గదా." కోరుట్ల నుంచి కువైట్ దాకా నవ్వారు. భార్య సంగీత నవ్వలేదు. ఆ ఫోటో లోకంలోంచి పోయేదాకా కోరుట్ల గడప తొక్కనని పుట్టింటికి వెళ్లిపోయింది. సెలవు మీద వచ్చిన హన్మండ్లుకు ఇక మిగిలినవి తొమ్మిది రోజులు.

"తీసెయ్యి అక్కా, నీ కాళ్లు మొక్కుత."

"నేను తీస్తే నా ఒక్క పెట్టెల పోతది. ఇది కంపెనీ కాదు తమ్మీ. ఊరికొక పెట్టె. నువ్వు రాసింది నేను అందుకుంట, అడిగిన ఫోన్లకిస్త, పక్క పెట్టెలకిస్త. గందుకే రిలే అంటరు. నీ బర్రె ఇయ్యాల జర్మనీల సుత మేస్తున్నది."

రాజమణికి ఈ విద్య ఏ బడిలోనూ అబ్బలేదు. పెళ్లయిన నాటినుంచి భర్త చంద్రయ్య సాంచల పక్కన కూర్చుని కండెలు చుట్టింది. బిడ్డ తేజస్విని ఇంజనీరింగ్ మార్కుల కోసం ఒక పాత కంప్యూటర్‌ను షెడ్డులో పెట్టి రిలే నడిపింది. మార్కులు రాగానే మరిచిపోయి ఉద్యోగానికి పోయింది. తల్లి మాత్రం మరవలేదు. పోగు తెగితే ముడివేసే చేయి అది. పెట్టె లైటు ఆరిపోతే ఊరుకోలేకపోయింది. బిడ్డను ఫోన్లో సతాయించి ఒక్కొక్కటే నేర్చుకుంది. ఇదంతా ఎందుకని అడిగితే ఒకటే జవాబు చెబుతుంది: "నూలు సేటుది, బట్ట సేటుది, చప్పుడొక్కటే మాది. గీ పెట్టెకు సేటు లేడు."

సేటు లేడు గానీ చంద్రయ్య ఉన్నాడు. నిన్న పెట్టెలోని ఫ్యాను కుయ్యోమంది. ముప్పై ఏళ్లుగా సాంచ కుయ్యోమన్నప్పుడల్లా ఆయన ఏం చేశాడో ఇప్పుడూ అదే చేశాడు. నూనె డబ్బా తెచ్చి గుమ్మరించాడు.

హన్మండ్లు ముఖం వెలిగింది. "అయితే నా బర్రె మునిగిందా?"

"మునగదు. జగిత్యాల షాపుల కడిగిచ్చి పెడ్త. లేవంగనే పక్క పెట్టెలను అడిగి మళ్ల నింపుకుంటది. రాసినోడే తీసేయమని అడగాలె, తన తాళం అక్షరాలతోటి. మొదట్ల పొడుగ్గ ఇచ్చిండ్రు సూడు, అరవై మూడు. ఉన్నయా?"

"ఫోన్ మార్చిన. పాతది దుబాయిలనే ఇచ్చేసిన."

"ఏడనన్న రాసుకోలేదా?"

రాసుకున్నాడు. గల్ఫ్ నుంచి వచ్చేవాడు పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ కార్టన్ మీద లావు మార్కర్‌తో రాస్తాడు. పోగొట్టుకోకూడనిది ఏదైనా కార్టన్ మీదికే ఎక్కాలని హన్మండ్లు చేతికి అలవాటు. అదే చేత్తో, ఎవరికీ చూపించకూడని ఆ అరవై మూడు అక్షరాలనూ పక్కనే బెత్తెడంత అక్షరాల్లో రాసి, తాడుతో కట్టి, విమానమెక్కించాడు.

"సంపినవ్! దేశాలు దాటించినవ్ గదా! ఏ కార్టన్?"

హన్మండ్లు తల దించుకున్నాడు. "చెద్దరొచ్చిన కార్టనే. మామోళ్లింట్లున్నది. కోడి పొదుగుతున్నది అండ్ల."

రాజమణి నవ్వుకు మూట ఊగి ఇంకో రెండు చుక్కలు అతని మోకాలి మీద రాలాయి.

"తీస్తే అంతట పోతదా అక్కా? జర్మనీల?"

"చానమంది పెట్టెలోళ్లు మాటింటరు. ఏడనో ఒకడు వినడు. మీ మామకు జర్మనీల చుట్టాలున్నరా?"

"లేరు."

"మరింకేంది!"

జగిత్యాల బస్టాండులో బస్సు ఆగింది. హన్మండ్లు మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు. "నువ్వు సుత పెగడపల్లి రా అక్కా. ఏమని పోవాలె నేను ఆ ఇంటికి? కార్టన్ సూస్తనంటె మామ తంతడు."

"నా పని అందిచ్చుడే. కార్టన్ అడుగకు. ముందుగాల బర్రె ఈనిందా అని అడుగు. దూడను సూపెట్టుకుంట ఆయనే ఇల్లంత తిప్పుతడు. కోడిని మాత్రం లేపకు, గుడ్లు పాడైతయి. చుట్టూ తిరిగి సదువుకో."

"బర్రె ఈనకపోతే?"

ఆమె అప్పటికే మూటను చంటిపిల్లలా చంకకెత్తుకుని, పెగడపల్లి పెగడపల్లి అని అరుస్తున్న ఆటోల మధ్య నుంచి రిపేరు షాపుల సందులోకి నడుస్తోంది. వెనక నేల మీద, నూనె చుక్కలు ఆమె వెంబడే పోతున్నాయి.