కోసా కాయల గొర్రెపిల్లలు

నా చిన్నప్పుడు నాకు రోత పుట్టించని వస్తువంటూ లేదు. పాల మీద మీగడ చూస్తే ఓకరింత, తడి చీపురు చూస్తే ఓకరింత. వాన పడితే బచేలీ కాలవల్లో ఎర్రగా పారే గని బురద సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఈ మహారాణి ఎవరింట పడుతుందో" అని మా అమ్మ నెత్తి కొట్టుకునేది. అందరికీ క్రిస్మస్ అనగానే కేకు వాసన గుర్తొస్తుందట. నాకు మాత్రం కుళ్ళిన పట్టుపురుగుల కంపు గుర్తొస్తుంది.

మా నాన్న బచేలీ ఇనుప గనిలో పనిచేసేవాడు. క్వార్టర్లలో మా లైనంతా ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళమే. చర్చిలో ఏటా క్రిస్మస్‌కి యేసు పుట్టిన పశువుల పాక కట్టేవారు గానీ, పిల్లల్ని దాని ఛాయలకు రానిచ్చేవారు కాదు. ఆ ఏడు ఏ దయ పుట్టిందో, గొర్రెపిల్లల్ని మీరే చేసి తెండి, పాకలో పెడదాం అన్నాడు సంఘ పెద్ద. ఇక మా కాళ్ళు నేల మీద ఆగితే ఒట్టు! నా గొర్రెపిల్ల బాల యేసు పక్కనే నిలబడాలని నేను ముందే తీర్మానించేసుకున్నాను.

క్వార్టర్ల వెనక అడవిలో మద్ది చెట్లకు కోసా కాయలు వేలాడేవి. పట్టుపురుగు తన చుట్టూ తాను కట్టుకునే గూళ్ళవి. చిన్న కోడిగుడ్డంత ఉంటాయి, అచ్చం గొర్రెపిల్ల పొట్టలాగే. వాటిని కోసుకొచ్చి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, కాళ్ళుగా చీపురు పుల్లలు దిగగొట్టాం. తలకు చింతగింజ అంటించాం. అన్నీ బిస్కెట్ల డబ్బాలో పేర్చి మూత బిగించి వారం రోజులు దాచాం. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలెవరూ ఇలాంటి పని చెయ్యరు. లోపల పురుగు బతికే ఉంటుందని వాళ్ళకు తెలుసు. మాకెక్కడ తెలుసు? పట్టంటే మాకు పెట్టెలో మడత పెట్టిన అమ్మ చీరే.

పండగ ముందురోజు చర్చి వరండాలో సంఘ పెద్ద ముందు మూత తీశాం. ఛీ ఛీ! పురుగులన్నీ లోపలే చచ్చి కుళ్ళిపోయాయి. బెజ్జాల్లోంచి గోధుమరంగు రసం కారి, గొర్రెల మందంతా ముద్దగా అంటుకుపోయింది. చచ్చిన ఎలుకనూ మురిగిన గుడ్లనూ కలిపి ఉడకబెట్టిన కంపు. మా తమ్ముడు అక్కడికక్కడే కక్కుకున్నాడు. సంఘ పెద్ద ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, డబ్బాను బూటుకాలితో మెట్ల కిందికి తన్నాడు. "నాకు ముందే తెలుసు. అందుకే జగదల్‌పూర్ నుంచి ప్లాస్టిక్‌వి తెప్పించి పెట్టా" అన్నాడు. అంటే మమ్మల్ని చెయ్యమన్నది ఉత్తుత్తికే! మేం చేసినవి పాకలో పెట్టాలని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆ కంపు కంటే ఆయన మొహం చూస్తేనే నాకు ఎక్కువ రోత పుట్టింది.

డబ్బా మోసుకుని ఏడుస్తూ ఇంటికొచ్చాం. పక్కింటి అత్త అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఆవిడ పుట్టిల్లు ఆంధ్ర సరిహద్దులోని మరైగూడ. ఏడుపెందుకో అడిగి, అంతా విని, మూత తీసింది.

"ఓయమ్మో! ఏందే ఇది? పానముండంగనే పుల్లలు గుచ్చిన్రా? పాపం గాదే!"

కడుపునిండా తిట్టింది. తిట్టి, ముక్కుకు కొంగు చుట్టుకుని బ్లేడు తెచ్చుకుని కూర్చుంది. ఒక్కొక్క కాయ చివర కోసి, లోపల వేలు పెట్టి కుళ్ళునంతా గీకి తీసింది. అబ్బ, ఆ జిగట చప్పుడు! ఈవిడకసలు ముక్కే లేదు కాబోలు అనుకున్నాను. అంతలోనే గబుక్కున లేచి పెరట్లోకి పరుగెత్తింది. గోడ పట్టుకుని భళ్ళున వాంతి చేసుకుంది. నోరు పుక్కిలించి, తిరిగొచ్చి ఇంకో కాయ అందుకుంది.

"నీక్కూడా అసహ్యమేనా అత్తా?" అన్నాను.

"గాదా మరి? నేనేమన్న మొద్దునా? పొద్దుగూకేలోపు గావాల, నీళ్ళు పొయ్యి."

పోశాను. కాసేపటికి నేనూ ఒక కాయలో వేలు పెట్టాను. కుంకుడు రసంలో కడిగి, కుంపటి దగ్గర ఆరబెట్టి, బూరుగు దూది కూరి, కుట్టి, పుల్లలు మళ్ళీ గుచ్చేసరికి సాయంత్రమైంది. మరకలు పోలేదు.

అత్తే మమ్మల్ని చర్చికి తీసుకెళ్ళింది. సంఘ పెద్ద ఏదో అనబోయాడు. "మీరే చెయ్యమన్నరు, పోరగాళ్ళు చేసిన్రు. పెట్టున్రి" అంది, నలుగురూ వినేలా. ఆయన ప్లాస్టిక్ గొర్రెలను పక్కకు జరిపాడు. నా గొర్రెపిల్ల బాల యేసు తొట్టె పక్కనే కాస్త ఒరిగి నిలబడింది. దగ్గరికెళితే వాసనొస్తూనే ఉంది, అబద్ధమెందుకు?

నా రోత ఈ వయసులోనూ తగ్గలేదు. పిల్లల్ని పెంచాను, మనవల్ని పెంచాను, మంచాన పడ్డ మా అత్తగారికి ఏళ్ళ తరబడి అన్నీ ఎత్తిపోశాను.  ప్రతిసారీ పెరట్లోకి పోయి కక్కుకుని, నోరు కడుక్కుని, మళ్ళీ వచ్చి ఆవిడ పక్కనే కూర్చునేదాన్ని.