హైదరాబాద్ రాయి మీద రెడ్యా కుళ్లు

గార్ల పక్క తండా నుంచి హైదరాబాద్ పోయి రాళ్ల పని చేసే రెడ్యా, మూడు వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన మనిషిని చూసి కుళ్లుకున్నాడు.

పాతబస్తీ అవతల ఆర్మేనియా వ్యాపారుల సమాధులున్నాయి. సరుకు వేసుకుని దేశదేశాలు తిరిగి, ఎక్కడ కన్నుమూస్తే అక్కడే రాయి కింద పడుకున్నవాళ్లు. ఆ రాళ్ల మీది నాచు గీకి, పగుళ్లు పూడ్చే పని రెడ్యాకు దొరికింది. ఒకరోజు వాళ్ల జాతి ముసలావిడ ఒకరు కలకత్తా నుంచి వచ్చింది. అతను అప్పుడే కడిగిన రాయి మీది వాళ్ల అక్షరాలపై వేలు పెట్టి చదివి, హిందీలో చెప్పింది: మార్గర్ కొడుకు హోవ్‌హన్నెస్, ఊరు జుల్ఫా, వ్యాపారి. చదివి, రాయికి చెంప ఆనించి ఏడ్చింది.

రెడ్యా కడుపు మండిపోయింది. తన తాతముత్తాతలు మాత్రం తక్కువ తిరిగారా? ఎద్దుల మీద ఉప్పు బస్తాలేసుకుని సముద్రం ఒడ్డు నుంచి ఈ అడవుల దాకా నడిచినవాళ్లే. దారిలో పోయినవాళ్లను దారిలోనే కాల్చి, బూడిద చల్లారకముందే సాగిపోయారు. వాళ్ల కోసం ఎవరు ఎక్కడికొచ్చి చెంప ఆనిస్తారు? ఆ రోజు నుంచి ఆ ఒక్క రాయిని కసిగా రుద్దసాగాడు. అది ఇంకా మెరిసింది.

దీపావళికి ఇంటికొచ్చినా మంట తగ్గలేదు.

"వాడెవడో పరాయి దేశపోడు. వానికి పేరుంది, అయ్య పేరుంది, ఊరుంది. మనకేముంది యాడీ?" అన్నాడు తల్లి చాందీతో.

"రాయిని చూసి గంత కుళ్లుడేందిరా? పొయ్యి కాడికి రా. ఈయేడు పెద్దలను నువ్వే పిలువు. నాకు దమ్మాడుతలేదు."

పోయినవాళ్లను పేరుపేరునా పిలిచి నిప్పుల్లో నెయ్యి, బెల్లమన్నం వేయడం తండాలో దీపావళి ఆనవాయితీ. ఆ పిలుపు ఇన్నాళ్లూ చాందీదే. చిన్నప్పటి నుంచి పక్కనే కూర్చున్నా, రెడ్యా చూపంతా బెల్లమన్నం మీదే ఉండేది.

తండ్రి బీక్యాను పిలిచాడు. తాత మంగ్యాను పిలిచాడు. ఆగిపోయాడు. నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారుతోంది.

"మంగ్యా తాత వాళ్ల బాపు పేరేంది బాపూ?" కూతురు సుమ అడిగింది.

రెడ్యా నోరు తెరిచాడు. "మార్గర్ కొడుకు..." అని నాలుక కరుచుకున్నాడు.

చాందీ పకపకా నవ్వింది. "పిలిస్తివి గదా, ఆయనగ్గూడ జరంత పెట్టు."

"పెట్ట. వానికి రాయుంది, చాలు." మూతి ముడిచాడు. కాసేపటికి తల దించుకుని, "తాత అయ్య పేరు చెప్పు యాడీ. జర మెల్లగ. సుమా, నువ్వు గూడ ఇను," అన్నాడు.

"జాల్యా," అంది చాందీ.

అక్కడ హైదరాబాద్‌లో రాయి కింద పడుకున్నవాడికి వినబడాలన్నట్టు, రెడ్యా గొంతెత్తి జాల్యాను పిలిచాడు.