ఆయన ఫికర్

రొట్టె తిప్పుతూ వాకిట్లోకి చూశాను. ఆరేళ్ల నా కూతురు మూడేళ్ల తమ్ముడి చుట్టూ సుద్దతో గీత గీసింది. వాడు లాగు తడుపుకుని ఏడుస్తున్నాడు గాని గీత దాటడం లేదు.

"దాటకు. దాటితే బాపుకు చెప్త. నీ ఫికర్‌తోనే అంటున్న రా," అంది బిడ్డ, అచ్చం వాళ్ల నాన్నలా మెత్తగా.

పెనం మీద రొట్టె మాడిపోయింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు, అరవలేదు. ఆదిలాబాద్‌లో కాపురం పెట్టిన కొత్తలో, ఊరు తెలియదు కాబట్టి ఒక్కదాన్నే బయటికి పోవద్దన్నారు. ఏళ్లు గడిచాయి, ఊరు కొత్తగానే ఉండిపోయింది. జమ్మికుంట నుంచి మా అమ్మ రాసే ఉత్తరాలు ఆయనే విప్పి, "నీ కండ్లు నొస్తయ్, నేను సదువుత" అని వినిపించేవారు. హైదరాబాద్‌లో బీఏ చదివినదాన్ని, చేతులు కట్టుకుని వినేదాన్ని. అమ్మ ఏం రాసిందో, ఆయన ఏం వదిలేశారో నాకు తెలియదు.

పక్కింటామె నవ్వేది. "మా ఆయనకు నేను ఇంట్ల ఉన్ననో లేనో గూడ ఎరుకలే. నీ మొగడు ఉత్తరం సదివి పెడ్తడు! ఏం నోము నోసినవే చెల్లె?"

నాకూ గర్వంగానే ఉండేది. మా దిక్కు మొగుడూ పెళ్లాలు ప్రేమ అన్న మాట నోటితో అనరు. నీ ఫికర్ ఉంది అంటారు. ఆ మాట వినపడితే చాలనుకున్నాను, దాని వెనక ఏముందో చూడలేదు.

ఆ సాయంత్రం ఆయన వచ్చి, ఎప్పటిలాగే బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని పిప్పరమెంటు ఇచ్చారు.

"ఇయ్యాల అవ్వ ఎటువోయింది?" అని నా గురించే అడిగారు.

"బాయికాడికి. పక్కింటామెతోని మాట్లాడింది."

"నవ్విందా?"

అదివరకు అది తండ్రీకూతుళ్ల ముచ్చట అనుకునేదాన్ని. ఆ రోజు బిడ్డ ముఖం చూశాను. అది నన్ను చూసి, ఆయన్ను చూసి, పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని మెల్లగా అంది:

"జరంత."

నేను కడుపుబ్బ నవ్వాను ఆ రోజు. నా కోసం ఆ నవ్వును తగ్గించి చెబుతోంది ఆరేళ్ల పిల్ల.

మర్నాడు ఆయన ఆఫీసుకు పోయాక తడిగుడ్డతో వాకిట్లో సుద్దగీత తుడిచేసి, పిల్లలిద్దరికీ చెప్పులు తొడిగాను.

"ముగ్గురం పోస్టాఫీసుకు పోతున్నం. వచ్చి మనల్ని తీస్కపొమ్మని అమ్మమ్మకు నేనే రాసిన. పొద్దుమీకి బాపు ఇంటికొచ్చి అడిగితే నువ్వేం చెప్పకు. అవ్వనే అడుగు అను."

"బాపు కోపం చేస్తే?"

"చేస్తే నామీద చేస్తడు. అది నీ ఫికర్ గాదు బిడ్డా."