చియాంగ్ మై సంతలో జాకెట్ ముక్క

దెయ్యాలూ, గాలి సోకడాలూ నేను చిన్నప్పటి నుంచీ నమ్మలేదు. తాడేపల్లిగూడెంలో నాకు చిన్న బొటిక్ ఉంది. బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడట, ఫలానావారి కోడలికి ఎవరో కనిపించారట. నేను మెడలో టేపు వేసుకుని, "కాస్త నిటారుగా నిలబడండి, కొలత తప్పుతుంది" అంటాను. నాకున్న ఆసక్తి అంతవరకే.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, లోపల దాచుకోలేక రాస్తున్నాను.

పోయిన చలికాలం థాయిలాండ్‌లో చియాంగ్ మై అనే ఊరు వెళ్ళాను. అక్కడ ఊరి బయట ఒకావిడ నీలిమందు అద్దకం నేర్పుతుంది. నాలుగు రోజుల క్లాసు. పైగా అక్కడి సంతలో పాత కాలం కోట్లు, చేతికుట్టు గుడ్డలు, లేసులు గుట్టలుగా పోసి అమ్ముతారని విన్నాను. వాటిలోని కుట్టు చూస్తే మా మగ్గం వర్కుకి కొత్త డిజైన్లు దొరుకుతాయని నా ఆశ.

మా అత్తయ్యగారు తనూ వస్తానన్నారు. "ఒక్కసారి విమానం ఎక్కాలే అమ్మాయ్, తర్వాత నువ్వు ఎక్కమన్నా ఎక్కను" అన్నారు. ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. మామయ్యగారు గుళ్ళో అర్చకులు. ఆయన పోయి ఏడేళ్ళవుతోంది. అప్పటి నుంచి ఆవిడ బొట్టు మానేశారు. పెట్టుకోండని నేనూ, మా ఆయనా ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పేరంటాలకి పిలిచినా వెళ్ళరు, వెళ్ళినా కుంకుమ భరిణె తన దాకా వచ్చేలోపే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు.

మా ఆయనకి ఈ ప్రయాణం అసలు ఇష్టం లేదు. "అమ్మ సుగరు మనిషి. అన్నం వేళ తప్పితే కళ్ళు తిరుగుతాయి. భాష రాదు. ఏదైనా అయితే అక్కడ ఎవర్ని అడుగుతావు?" అన్నారు. నేనున్నానుగా అన్నాను. ఆ మాట అనడం ఎంత తేలికో!

సంతకి వెళ్ళిన రోజు పొద్దున్నే ఆవిడ టిఫిను, మాత్ర అయ్యాయి. సంతంటే మన భీమడోలు సంత లాంటిది కాదు. సందులోంచి సందు, అందులోంచి ఇంకో సందు, అన్నిట్లోనూ ఒకే రకం కొట్లు.

ఒక కొట్లో చేతికుట్టు కోట్లు కనిపించాయి. నేను లోపలికి వెళ్ళాను. అత్తయ్యగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "ఎవరో కట్టి విడిచిన బట్టలమ్మా. ముట్టుకుంటే మళ్ళీ తలస్నానం చెయ్యాలి" అన్నారు. మడి మనిషి కదా అని నేను నవ్వి, "అయితే ఇక్కడే ఉండండి, కదలకండి" అన్నాను. ఆవిడ ఫోను, మాత్రల సంచి, బిస్కెట్లు అన్నీ నా బ్యాగులోనే ఉన్నాయి.

కుట్లు చూస్తూ ఒళ్ళు మరిచిపోయాను. బయటికి వస్తే ఆవిడ లేరు.

ఎండ పడుతుంటే నీడకి జరిగి ఉంటారని పక్క కొట్టు చూశాను. ఆ పక్కది చూశాను. లేరు. పేరు పెట్టి అత్తగారిని పిలిచే అలవాటు మనకెక్కడిది? "అత్తయ్యగారండీ, అత్తయ్యగారండీ" అని అరుస్తూ పరిగెత్తాను. అక్కడివాళ్ళు అదేదో సరుకు పేరనుకుని కాబోలు, నాకు తలో వైపూ చూపించారు. ఫోనులో ఆవిడ ఫోటో చూపిస్తే జాలిగా తల అడ్డంగా ఊపారు. కాపలా మనిషి మైకులో ఏదో చెప్పాడు. మైకులో థాయి భాష వింటే ఆవిడకేం తెలుస్తుంది?

భోజనం వేళ దాటిపోయింది. పూల కొట్ల వెనక సందులో నా కుడికాలి చెప్పు తెగింది. దాన్ని అక్కడే వదిలేసి కుంటుకుంటూ వెళ్ళాను. ఎక్కడో కళ్ళు తిరిగి పడిపోయి ఉంటారని, నోట్లో ఇంత పంచదార వెయ్యమని చెప్పేవాళ్ళు కూడా లేరని అనిపించింది. నడిరోడ్డు మీద ఏడ్చేశాను. నేను అలా ఏడ్చే మనిషిని కాదు.

సంతకి ఆ చివర, మేం అసలు వెళ్ళని వైపు, పాత బట్టల కొట్టు ఇంకొకటి ఉంది. దాని లోపల, మూడు వైపులా వేలాడుతున్న విడిచిన బట్టల మధ్య, అత్తయ్యగారు కుర్చీలో హాయిగా కూర్చుని ఉన్నారు. ముందు పెద్ద బల్ల అడ్డం ఉంది. నన్ను చూసి లేవలేదు. కంగారు కూడా లేదు.

"చెప్పు తెగిందటగా అమ్మాయ్? ఇదిగో, ఇవి వేసుకో" అన్నారు. బల్ల కింద నుంచి పాత తోలు చెప్పుల జత తీసి ఇచ్చారు. అవి నాకు సరిగ్గా సరిపోయాయి.

అప్పుడు ఆవిడ మొహం చూశాను. నుదుట కుంకుమ ఉంది. అప్పుడే పెట్టినట్టు, కొంచెం ముక్కు మీద రాలి కూడా ఉంది. ఒళ్ళో తెల్లటి జాకెట్ ముక్క, మన షాపుల్లో మడిచినట్టే మడిచి, ఒక మూల పసుపు రాసి ఉంది.

ముందు బ్యాగులోంచి సుగరు మిషను తీసి చూశాను. మామూలుగానే ఉంది.

"ఎవరిచ్చారండీ ఇవి?"

"మన వైపావిడేనమ్మా. నేను దారి తప్పి, కళ్ళు తిరిగి, గోడ పట్టుకుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. 'ఏవండీ, బెల్లం నోట్లో వేసుకోండి' అంది. మాదీ కొల్లేటి వైపేనండీ, మీరు తాటి దోనెలో బడికెళ్ళేవారు కదా అంది. నీకు చెప్పు తెగిందనీ, ఏడుస్తున్నావనీ, వచ్చేస్తున్నావనీ తనే చెప్పింది."

"బొట్టు మీరెలా పెట్టించుకున్నారు?"

అత్తయ్యగారు ఒళ్ళో జాకెట్ ముక్క మడత సర్దుకున్నారు. "నాకు పెట్టకూడదమ్మా అన్నాను. 'పొరుగూళ్ళో మన మనిషి కనిపిస్తే బొట్టు పెట్టకుండా పంపుతామా అండీ' అని పెట్టేసింది. నేను ఒద్దనలేకపోయాను" అన్నారు.

కొట్టు యజమాని పెద్దాయన. ఇంగ్లీషు కాస్త వచ్చు. ఆవిడని తీసుకొచ్చినామె ఎటు వెళ్ళిందని అడిగాను. ఈవిడ ఒక్కరే వచ్చారన్నాడు. వచ్చి కూర్చుని, పక్కనున్న ఖాళీ స్టూలు వైపు తిరిగి చాలాసేపు నవ్వుతూ మాట్లాడారట. ఫోనులో అనుకున్నాడట. చెప్పులు ఆవిడే ఎంచుకున్నారట. జాకెట్ ముక్క తన కొట్టుది కాదన్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు అద్దకం క్లాసులో తొట్టి పక్కన సున్నపు తేట ఉంటే, జాకెట్ ముక్క మూల అందులో ముంచాను. నిజం పసుపైతే తెలిసిపోతుంది కదా. పచ్చటి మూల కళ్ళ ముందే పారాణిలా ఎర్రబడింది. "బంగారం లాంటి గుడ్డ పాడు చేశావు" అని అత్తయ్యగారు తిట్టారు. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తిట్టడానికి మనిషి ఉంది కదా అనిపించింది.

పసుపు అక్కడి వంటిళ్ళలోనూ ఉంటుంది. నిజమే. మన వైపు నుంచి వచ్చిన ఎవరో టూరిస్టు ఆవిణ్ణి కొట్టు దాకా దించి వెళ్ళి ఉండవచ్చు. నేను కుంటుతూ పరిగెత్తడం కూడా చూసి ఉండవచ్చు. చూస్తే నన్నెందుకు పిలవలేదు? టూరిస్టు సంచిలో కుంకుమా, జాకెట్ ముక్కా ఎందుకుంటాయి? అత్తయ్యగారు దోనెలో బడికి వెళ్ళారన్నది ఆ రోజు దాకా నాకే తెలియదు. సుగరు తగ్గినప్పుడు మనుషులకి ఏవేవో కనిపిస్తాయంటారు. సరే, కనిపించాయి అనుకుందాం. మరి నా చెప్పు సంగతో?

తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కేముందు ఆవిడ నా చెవి దగ్గరకొచ్చి, "తప్పిపోయిన సంగతి వాడికి చెప్పకు. మళ్ళీ నిన్ను ఏలూరు కూడా పంపడు" అన్నారు. తర్వాత, "నీ బ్యాగులో స్టిక్కర్లున్నాయా?" అని అడిగారు.

గూడెం స్టేషన్‌కి మా ఆయన వచ్చారు. రైలు దిగుతున్న వాళ్ళమ్మ మొహాన బొట్టు చూసి అలాగే నిలబడిపోయారు. సూట్‌కేసు అందుకోవడం కూడా మరిచిపోయారు. "ఏరా, అలా చూస్తావేం, ప్రయాణం బ్రహ్మాండంగా జరిగింది" అని ఆవిడే అన్నారు. ఆయన తల పక్కకి తిప్పుకుని, కాసేపు ప్లాట్‌ఫారం చివరికి చూస్తూ ఉండిపోయారు. తర్వాత వచ్చి సూట్‌కేసు అందుకున్నారు.

ఆ వచ్చినామె ఎవరో నాకు తెలియదు. అత్తయ్యగారు అమ్మవారంటారు. నేను ఔననలేను, కాదనడానికి నోరు రాదు. ఎవరైతేనేం, మా అత్తయ్యగారిని మాకు క్షేమంగా అప్పజెప్పింది. ఎప్పుడైనా మళ్ళీ కనిపిస్తే ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, బొట్టు పెట్టి పంపాలని ఉంది. ఆ బొట్టు నేను పెట్టను. మా అత్తయ్యగారు పెడతారు.