శెట్టత్త వాకిట్లో ఎర్రనీళ్ళు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. సొంత కారు ఉన్నవాణ్ణి ఊరు వేరే కంటితో చూస్తుందని ఒకటి. ఏ తప్పునైనా నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చుంటే అదే సర్దుకుంటుందని రెండోది. మొదటిది కొంతవరకు నిజమే (ఎటువంటి కంటితో చూస్తుందన్నది వేరే సంగతి). రెండోది ఎంత పచ్చి అబద్ధమో నాకు నేర్పింది మాత్రం ఒక పాత కారు స్టీరింగు రాక్. రాక్ అంటే మరేం లేదు, మనం స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రాలను అటూ ఇటూ లాగే పొడవాటి ఇనుప గొట్టం. దాని లోపల నూనె ఉంటుంది. ఆ నూనె ఎర్రగా ఉంటుంది. ఈ చివరి ముక్క తెలియకపోవడం వల్లే మా రెండిళ్ళూ పది రోజులు మాటల్లేకుండా పోయాయి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. అనంతపురంలో డ్రిప్పు పైపులు అమ్మే చోట ఉద్యోగం. ఎండిన చేలగట్ల మీద నిలబడి, "బొట్టు బొట్టుగా పడితేనే అన్నా చెట్టుకు బలం" అని పొద్దుగూకులూ రైతులకు చెప్పడం నా పని. ఇల్లు బుక్కరాయసముద్రంలో. ఊళ్ళు తిరగడానికి పనికొస్తుందని మా చిన్నమామ స్నేహితుడి పాత కారు తీసుకున్నాను. ఆయన దాన్ని అమ్మలేదు, వదిలించుకున్నాడని నాకు మూడో వారానికి అర్థమైంది. ఒక నెల స్టార్టు కాలేదు, ఇంకో నెల రేడియేటరు ఉడికింది, ఆ తర్వాత ఎడమ తలుపు లోపలి నుంచి తప్ప తెరుచుకోవడం మానేసింది. మా నాయన బడిలో లెక్కల అయ్యవారు. మూడో రిపేరు రోజున చాక్‌పీసు చేతులు దులుపుకుంటూ తీర్పు చెప్పేశాడు. "ఇదే ఆఖరు. ఇంగొక్క రిపేరు వచ్చిందంటే నేనే తోలుకుపోయి గుజిరీలో ఇచ్చొస్తా. మళ్ళ నాతో మాట్లాడొద్దు." పాత సామాన్ల గుజిరీలో నా కారు ముక్కలు ముక్కలుగా పడి ఉన్నట్టు నాకు అప్పుడే కళ్ళకు కట్టింది.

మా పక్కిల్లు శెట్టత్తది. అత్త అంటే చుట్టరికం లేదు, ఇరవై ఏళ్ళ గోడ ఉంది. మా అమ్మా ఆమె ఒకరినొకరు "వదినా" అనుకుంటూ, ఆ నడుమెత్తు గోడకు చెరోవైపు నిలబడి, పొద్దున బొరుగుల ఉగ్గాని వేగే వాసన మొదలైనప్పటి నుంచి మాట్లాడుకునేవాళ్ళు. మా ఇంట్లో కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చేది, వచ్చినా దగ్గి పోయేది. అత్తవాళ్ళ బోరులో మాత్రం ఎంత కరువులోనూ నీళ్ళు ఉండేవి. ఆమె తన పచ్చపైపును గోడ మీద నుంచి మా తొట్టిలోకి వేసి ఉంచేది. ఎవరూ అడిగిందీ లేదు, ఆమె ఇచ్చానని అన్నదీ లేదు, అది అట్లా ఉండేదంతే. ఆమె భర్త శెట్టిమామకు బజారులో నూనె అంగడి. చెనక్కాయల నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ గానుగదో చెప్పగలడని పేరు. తక్కువ మాటల మనిషి. ఇంట్లో మాటలన్నీ అత్త వంతుకే పోయాయేమో.

ఒక రోజు కారు మలుపుల దగ్గర మూలగడం మొదలుపెట్టింది. బానెట్ ఎత్తి చూస్తే స్టీరింగు నూనె డబ్బా ఖాళీ. నూనె పోశాను. మరుసటి రోజుకు మళ్ళీ ఖాళీ. ఎక్కడికి పోతోందో చూద్దామని వంగితే, కారు ముందు భాగం కింద నేల మీద అరచేయంత ఎర్ర మరక. నాయన పొద్దున్నే పాల కోసం వాకిట్లోకి వస్తాడు. చూస్తే నాలుగో రిపేరని తెలిసిపోతుంది. అందుకని ఆ సాయంత్రం నుంచి కారును నాలుగడుగులు ముందుకు జరిపి, వేపచెట్టు నీడ అని వంక చెప్పి, దాని మూతి శెట్టత్త వాకిలి ముందుకు వచ్చేలా పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున శెట్టత్త గొంతు విని లేచాను. "ఎవురమ్మా నా వాకిట్లో ఎర్రనీళ్ళు పోసింది? నిమ్మకాయ, మిరపకాయలు గూడా ఏసినారే." పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, తొక్కేవాళ్ళకు ఆ చెడు అంటాలని పారబోస్తారు కదా, అదీ ఆమె భయం. కిటికీలోంచి చూస్తే సంగతి తెలిసింది. నేను పనికని పొద్దున్నే కారు తీసి వీధి చివర పెట్టి, టిఫిను కోసం తిరిగి వచ్చి కునుకు తీశాను. కారు కదిలినప్పుడు, అమ్మ శుక్రవారం దానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ తెగి, సరిగ్గా ఆ ఎర్ర మరక పక్కన పడింది. చేతబడి చేయాలనుకున్నవాడు కూడా అంత పొందికగా సర్దలేడు.

అమ్మ పరుగెత్తింది. "అది కారుకు కట్టింది వదినా. తెగి పడిండొచ్చు. ఎర్రనీళ్ళు నేనేంటికి పోస్తా?"

"దారం నీదేనంట, నిమ్మకాయ నీదేనంట, నీళ్ళు మాత్రం నీవి కాదంట. ఎవురు నమ్మాల వదినా ఈ మాట?"

శెట్టిమామ అంగడికి పోతూ ఆగాడు. వంగి, మరకను వేలితో తాకి, రెండు వేళ్ళూ రుద్ది, పంచెకు తుడుచుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. పాపం, భయపడి మాట రాలేదేమో అనుకున్నాను. నేను చెప్పి ఉండాల్సింది అప్పుడే. కానీ నాయన గడప మీద నిలబడి ఉన్నాడు. నేను నా రెండో నమ్మకాన్ని పట్టుకుని ఉగ్గాని ముందు కూర్చున్నాను.

అది సర్దుకోలేదు. రోజూ పొద్దున ఒక మరక, రోజూ గోడకు అటువైపు ఒక గొణుగుడు. మరకను కడిగేద్దామని ఒక వేకువన బట్టలసబ్బు పొడి వేసి తోమాను. ఎర్రటి నురగ లేచి, అత్త వేసిన ముగ్గు మీదుగా గడప దాకా పాకింది. (అరబకెట నీళ్ళు ఏమయ్యాయని అమ్మ చాలాసేపు వెతికింది.) ఆ రోజు మధ్యాహ్నం తొట్టి దగ్గరికి పోయిన అమ్మ ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. పచ్చపైపు గోడ మీద లేదు. చుట్టలు చుట్టి అటువైపు మేకుకు తగిలించి ఉంది. అమ్మ బిందె తీసుకుని వీధి చివర ట్యాంకు దగ్గరికి నడిచింది. రోజంతా ఊరికి నీళ్ళ పొదుపు చెప్పివచ్చే కొడుకును నేను, అమ్మ బిందెతో వరుసలో నిలబడి ఉంటే ఆమె పక్కనుంచి కారులో పోయాను. నాకు ఈరోజుకీ ఆ సంగతి తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఇంక లాభం లేదని మెకానిక్ ముక్కు భాయ్ దగ్గరికి పోయాను. భాయ్‌కి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, ఆయన ఏ నూనెనైనా వాసన చూసి జబ్బు చెబుతాడు. చక్రం వెనక రబ్బరు తొడుగును నొక్కితే ఎర్రనూనె బుడుక్కున కారింది. వాసన చూసి, "రాక్ సీలు పోయిండాది అన్నా. గొట్టం లోపల గీతలు పడిండాయి, కొత్త సీలేసినా నిలబడదు. రాకే మార్చాల. బెంగుళూరు గుజిరీ నుంచి తెప్పిస్తా," అన్నాడు. కారును నా సావాసగాడు పెళ్ళికి తీసుకుపోయాడని ఇంట్లో చెప్పాను. భాయ్‌కు సాయం చేస్తే పని తొందరగా అవుతుందని రెండు రోజులు సెలవు పెట్టి కారు కింద పడుకున్నాను. చక్రాలు విప్పాం, నూనె పైపులు విప్పాం, స్టీరింగు కడ్డీని రాక్‌తో కలిపే బోల్టు విప్పాం. రాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లను పాత రాక్ నుంచి విప్పేటప్పుడు భాయ్ ఒకటే మాట చెప్పాడు. "ఎన్ని సుట్లు తిరిగితే ఊడొస్తాదో లెక్కపెట్టన్నా. కొత్తదానికి అన్నే తిప్పాల, లేకుంటే స్టీరింగు వంకరపోతాది."

కుడివైపు లెక్క బాగానే వచ్చింది. ఎడమవైపు పదకొండో చుట్టులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. శెట్టత్త గోరంట్ల దిక్కు నుంచి ఒక నిమ్మకాయల స్వామిని పిలిపించిందట. ఆయన వాకిట్లో నిమ్మకాయ కోసి, బూడిద చల్లి, అందరి ముందూ చెప్పాడట, "ఉత్తరం దిక్కు ఇంటోల్లు చేస్తాండారు. నేను కట్టేసినా. మూడు దినాల్లో మరక ఆగిందంటే, ఆ దిక్కోల్లే చేసినారని రుజువు," అని. మా ఇల్లు ఉత్తరం. నేను రిపేరు చేయిస్తున్నాను కాబట్టి మరక ఎలాగూ ఆగుతుంది. ఆగితే అమ్మే దోషి. ఫోన్ పెట్టేసేసరికి నా చేతిలో టై రాడ్ ఊడి ఉంది, అది పదహారో పద్దెనిమిదో నాకు తెలియదు. లెక్కల అయ్యవారి కొడుకును కదా, మధ్యలో పదిహేడు ఎంచుకున్నాను.

మూడు రోజులు వాకిలి శుభ్రంగా ఉంది. "సూసినారా, నిమ్మకాయ కోసిన పూటే వాళ్ళ కారు గూడా పరారైంది," అని శెట్టత్త వీధికంతా చెప్పింది. ఆ మాట విని అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "ఇరవై ఏండ్లు పక్కన బతికి నన్ను అట్లా అనుకునిందే," అంది. నీళ్ళు పోయినందుకు ఆమె ఏడవలేదు, ఈ మాటకు ఏడ్చింది. కారు పోతే పోనీ అని నాకు మొదటిసారి అనిపించింది.

ఆదివారం పొద్దున కారు ఇంటికి తెచ్చాను. స్టీరింగు చక్రం పావువంతు కుడికి తిప్పి పట్టుకుంటే తప్ప బండి నేరుగా పోవడం లేదు. వెనక సీట్లోంచి పాత రాక్‌ను గోనెసంచిలో మోసుకొచ్చి శెట్టత్త గడప ముందు పడేశాను. సంచి ఎర్రగా తడిసి ఉంది. అత్త కెవ్వుమంది. అమ్మ, నాయన, శెట్టిమామ అందరూ బయటికి వచ్చారు.

"అత్తా, ఆ మరక నా కారు నూనె. ఈ రాక్‌లోంచి కారతాండె, ఇప్పుడు మార్పించినా. నాయనకు భయపడి చెప్పలా. అమ్మకేం తెల్దు," అన్నాను.

ఆమె నావైపు జాలిగా చూసింది. "అమ్మ కోసం చెప్తాండావులేప్పా. ముప్పై ఏండ్లుగా నూనె అంగడోని ఇంట్లో ఉండా. ఎర్ర నూనె నేను యాడా సూడలా."

అబద్ధం చెప్పినన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు, నిజం చెబితే నమ్మేవాళ్ళు లేరు. ఎందుకు వంగాడో శెట్టిమామ వంగాడు. ముప్పై ఏళ్ళ అలవాటు కాబోలు, సంచి మీది తడిని రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, "నూనే. చెనక్కాయది కాదు గానీ నూనే. తొలినాడే సూసినా గదా నేను," అన్నాడు.

మామ ముఖం చూస్తే, ఆ చివరి మాటను వెనక్కి తీసుకోవడానికి ఎక్కడైనా దారి ఉందా అని వెతుకుతున్నట్టుంది.

"తొలినాడే సూసినావా?" అంది అత్త, చాలా మెల్లగా. "నేను దిష్టికి ఉప్పు తిప్పితే, స్వామిని పిలిపిస్తే, వదినను నానా మాటలంటే, సూస్తా కూసున్యావా? ఏంటికి చెప్పలా?"

మామ పంచె అంచుతో వేళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు గోడకాడికి పోవడం మానినావు గదా. పది దినాలూ సంగటి వేడిగా దొరికినాది. ఎట్లా రేపో మాపో తెలుస్తాదిలే అని..."

ముందు నవ్వింది అమ్మ. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ తర్వాత శెట్టత్త అమ్మ చేయి పట్టుకుని, "నాకు బుద్ధి ల్యాకపాయ వదినా," అంది. ఇద్దరూ కలిసి మా ఇద్దరివైపు తిరిగారు. ఆ తర్వాతి అరగంట సంగతి నేనూ మామా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మధ్యాహ్నానికి పచ్చపైపు మా తొట్టిలో ఉంది.

నేను తాళంచెవులు తీసుకెళ్ళి నాయన ముందు పెట్టాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంకర స్టీరింగు చూసి, "రిపేరు వస్తే అమ్మేస్తానన్నా. ఇది వచ్చి పోయింది గూడా. పోయిన రిపేరుకు ఇప్పుడేం అమ్మేది?" అని లోపలికి పోయాడు. ఆ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, నేను అడగనూ లేదు. స్టీరింగు సరిచేయించుకోవాలని అనుకుంటూనే టైర్లు ఒకవైపు అరిగేదాకా తోలాను.

నెల తర్వాత శెట్టిమామను అంగడి దగ్గర దింపుతున్నాను. దిగేముందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పాత రాక్ యాడ పెట్టినావప్పా?"

"భాయ్ షెడ్డులో ఉండాది మామా. ఏంటికి?"

"ఏం లేదులే. సంగటి మళ్ళ చల్లారతాండాది," అని దిగిపోయాడు. ఆ మనిషి ఇప్పుడు లేడు. నూనె అంగడి ముందు నుంచి పోయినప్పుడల్లా నా రెండు వేళ్ళూ వాటంతటవే రుద్దుకుంటాయి.

నాకూ పెళ్ళయింది, కారు మారింది. ఈ కారు స్టీరింగు కరెంటుతో తిరుగుతుంది, దాంట్లో నూనె అన్న మాటే లేదు. ఈరోజు మధ్యాహ్నం ఆకలితో ఇంటికి వచ్చేసరికి నా భార్య అదే గోడ దగ్గర, శెట్టత్త కోడలితో మాటల్లో ఉంది. సంగటి చల్లారిపోయింది. (లేచి నేనే వేడి చేసుకోవచ్చు, చేసుకున్నాను కూడా.) తిన్న తర్వాత చేయి కడుక్కుని వాకిట్లోకి పోయి, వంగి, కారు కింద చాలాసేపు చూశాను. ఒక్క చుక్క కూడా లేదు.