అరువు గొంతు

మీరు నన్ను టీవీలో చూసే ఉంటారు. తెల్ల పంచె, భుజం మీద కండువా, ఇంటిల్లిపాదినీ ఒక్క కేకతో నిలబెట్టే పెద్దమనిషి. ఆ కేక నాది కాదు. ఆ గొంతు శేషగిరిది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ మా రంగంలో ఒకరి మొహానికి ఇంకొకరి గొంతు మామూలే. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది అది కాదు. ఒక మాట. ఒక మనిషి గురించి నేను అన్న ఒక్క మాట. దాన్ని ఎవరికీ చెప్పకుండా, నాలో నేను కూడా పూర్తిగా తలుచుకోకుండా బతికాను. ఇక నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ముసునూరు దగ్గర పల్లె. మామిడి తోటలు, కొంచెం వరి. శేషుది నూజివీడు టౌను. వాళ్ళ నాన్నగారిది మామిడికాయల వ్యాపారం. కాలేజీలో కలిశాం, నాటకాలు వేశాం. నేను పొడగరిని, మొహం బాగుంటుందనేవారు. గొంతే పీల. నెమ్మదిగా మాట్లాడితే ఫరవాలేదు, పెంచితే చీలిపోతుంది. నేను కోపంగా డైలాగు చెబితే జనం నవ్వేవాళ్ళు. శేషు పొట్టి మనిషి, బుగ్గలు లోపలికి పోయిన మొహం. కానీ వాడు నోరు తెరిస్తే వెనక వరసలో బఠాణీలు నమిలేవాడు కూడా నమలడం ఆపేవాడు.

ఇద్దరం కలిసే హైదరాబాదు వెళ్ళాం. ఒకే గది. నాకు సీరియల్లో వేషం వచ్చింది. డబ్బింగులో నా గొంతు విని డైరెక్టరు తల పట్టుకున్నాడు, వేరేవాళ్ళతో చెప్పిద్దామన్నాడు. శేషుని తీసుకెళ్ళింది నేనే. వాడు మైకు ముందు నిలబడ్డాడు. అద్దానికి ఇవతల నేను కూర్చున్నాను. తెర మీద నా పెదాలు కదిలాయి, వాడి గొంతు వచ్చింది. నేను అంత పెద్ద నటుణ్ణని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ తరువాత నా ప్రతి సీరియల్‌కీ వాడే. గొంతంటే వాడికి ప్రాణం. పాడవుతుందని ఎండాకాలంలో మామిడిపండు ముట్టేవాడు కాదు. నూజివీడులో పుట్టి రసం నోట్లో పెట్టకపోవడం ఏంట్రా అని నేను ఏడిపించేవాణ్ణి. ఇక మందు సంగతి చెప్పాలా? దాని వాసన వచ్చే చోట వాడు నిలబడేవాడు కూడా కాదు.

పేరు నాకొచ్చింది. ఒక ఇంటర్వ్యూలో యాంకరమ్మాయి, ఇంత గంభీరమైన గొంతు ఎలా కాపాడుకుంటున్నారని అడిగింది. అప్పటికే నేను బయట గుసగుసలాడినట్టు మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. పెద్దమనిషి నెమ్మదిగా మాట్లాడతాడనుకునేవాళ్ళు. "దేవుడిచ్చిందమ్మా" అన్నాను. అది చూసి శేషు పొట్ట పట్టుకుని నవ్వాడు. "దేవుడెవడ్రా, నేనేగా!" అన్నాడు. వాడికి అందులో తప్పేమీ కనబడలేదు.

అప్పుడు ఆ సినిమా వచ్చింది. ఒక డైరెక్టరు, మా వైపు తోటల్లోనే కథంతా తియ్యాలనుకుంటున్నాడు. అందులో పెద్దన్నయ్య వేషానికి చాలామందిని చూసి, చివరికి శేషుని చూసి ఆగిపోయాడు. ఆ మొహం, ఆ గొంతు కలిపి ఒక్కడిలోనే దొరికాయన్నాడట. శేషు ఆ సంగతి నాకు చెబుతూ గదిలో నిలవలేక తిరిగాడు. నేను వాణ్ణి కావలించుకున్నాను. ఆ కౌగిలిలోనే నాకు భయం మొదలైంది.

ఎందుకో మీకు అర్థమై ఉంటుంది. వాడు తెర మీద కనబడి ఒక్క డైలాగు చెబితే చాలు. ఈ గొంతు ఎక్కడో విన్నామే అంటారు. అప్పుడు నేనేమవుతాను? పంచె కట్టిన బొమ్మని. నా మొహం అడ్డుపెట్టుకుని ఎవడో మాట్లాడుతున్నాడని ఊరూరా తెలిసిపోతుంది.

నాలుగు రోజుల్లోనే ఆ డైరెక్టరు మా సెట్‌కి వచ్చాడు. మేకప్ వ్యాన్‌లో నా ఎదురుగా కూర్చున్నాడు.

"శేషగిరి గారు మీ ఊరివైపు వాళ్ళేనంట కదా సార్. మనిషి ఎలాంటివాడండీ? కొత్తవాడు, వేషమేమో పెద్దది. మధ్యలో ఇబ్బంది పెడితే నేను మునిగిపోతాను."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. తప్పించుకునే దారి ఉందా అని చూసుకున్నానా, లేక ఆ మౌనం కూడా నటనేనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"చాలా మంచివాడండీ. కాకపోతే..."

"కాకపోతే ఏంటండీ?"

"సాయంత్రమయ్యేసరికి చేతిలో గ్లాసుండాలి. ఒక్కోసారి పొద్దున్నే మొదలెడతాడు. నేను చెప్పానని మాత్రం అనకండి. వాడు నా ప్రాణస్నేహితుడు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత బాధపడి చెబుతున్నారో తెలుస్తోంది సార్. మంచిపని చేశారు."

ఆ రోజు నేను నా సొంత గొంతుతోనే నటించాను. ఒక్క టేకు సరిపోయింది.

వేషం పోయింది. కారణం చెప్పలేదు గానీ, ఎవరో అసిస్టెంటు శేషు చెవిన వేశాడు. వాడు తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. కోపంగా కాదు, తికమకగా.

"నేను తాగుతానని ఎవడో ఎక్కించాడంటరా. నేనేంటి, తాగడమేంటి? నువ్వు చెబితే నమ్ముతార్రా. ఒక్కసారి ఫోన్ చెయ్యవా?"

చేశాను. వాడి ముందే ఫోన్ తీసి, ఏ నంబరూ నొక్కకుండా చెవి దగ్గర పెట్టుకున్నాను. "ఛ ఛ, శేషు అలాంటివాడు కాదండీ, కాలేజీ రోజుల్నుంచి నాకు తెలుసు" అన్నాను. మధ్యమధ్య ఆగాను, అవతలివాళ్ళ మాట వింటున్నట్టు. చివరికి పెట్టేసి, వేరేవాణ్ణి ఖాయం చేశారంట్రా అన్నాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు అడిగావు, అది చాల్లే" అన్నాడు. మర్నాడు పొద్దున వెళ్ళి నాకు డబ్బింగు చెప్పాడు.

మీరు నన్ను ఎక్కడైనా క్షమించగలిగితే, ఇక్కడ మాత్రం వద్దు. ఆ వ్యాన్‌లో నాకు భయమైనా ఉంది. ఈ ఫోన్ దగ్గర ఏముంది?

ఆ మాట అక్కడితో ఆగలేదు. శేషగిరా, తాగుతాడంట కదా అని స్టూడియోల్లో కూడా పాకింది. వాడు జలుబుతో బొంగురుగా మాట్లాడినా, కళ్ళు ఎర్రబడినా, ఆ మాటకి సాక్ష్యమైపోయేది. పిలవడం తగ్గించారు. నేను చెప్పినచోట మాత్రం పిలిచేవారు. అంటే వాడు నా ఒక్కడికే మిగిలాడు. అదే నాకు కావలసిందేమో. ఒకరోజు గది ఖాళీ చేసి నూజివీడు వెళ్ళిపోయాడు. ఆ ఏడే పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ నాన్నగారి మామిడి మండీలో వేలం వేసేవాడు. బంగినపల్లి గుట్టల మధ్య నిలబడి ధర పిలుస్తుంటే, విస్సన్నపేట నుంచి కాయలు తెచ్చిన రైతులు నోరు తెరుచుకుని వినేవారట. అచ్చు టీవీలో పెద్దయ్య గొంతేనండీ అని ఎవరైనా అంటే, "అందరూ అదే అంటారండీ" అనేవాడట. నా గుట్టు వాడు చివరిదాకా దాచాడు.

వాడు వెళ్ళాక నాకు గొంతులు మారాయి. గొంతుకి ఆపరేషన్ అయిందని చెప్పుకున్నాను. వేషాలు కూడా తగ్గాయి. ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటున్నాను, ఎప్పుడన్నా ఒక పూట పిలుస్తారు.

పోయినేడు కోతల రోజుల్లో శేషు మండీలోనే కుప్పకూలిపోయాడు. గుండె. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. సంతాపసభ మండీ ఆవరణలోనే పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి "శేషు నా..." అన్నాను. నా గొంతు చీలింది. నా అసలు గొంతు, కాలేజీలో జనం నవ్విన ఆ పీల గొంతు, అంతమంది ముందు బయటపడింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, దుఃఖంతో గొంతు పూడుకుపోయిందండీ" అని పక్కాయనతో అనడం వినబడింది.

కిందికి దిగాక శేషు భార్య అన్నపూర్ణ నా దగ్గరికి వచ్చింది. "ఆయన మీద ఎవడో తాగుడు అంటగడితే, మీరొక్కరే ఆయన తరఫున ఫోన్ చేసి మాట్లాడారంట కదా అన్నయ్యగారూ. ఎప్పుడూ తలుచుకునేవారండీ" అని దణ్ణం పెట్టింది. నేను ఆ దణ్ణం తీసుకున్నాను.

ఆ తరువాత నాకు అన్నం సహించలేదు. టీవీ పెడితే ఎక్కడో పాత సీరియల్, నా పెదాల మీద వాడి గొంతు. తోటకెళ్ళి కూర్చుంటే అదే. చచ్చిపోదామని కూడా అనుకున్నాను. దాచి చచ్చిపోతే దాచినట్టే కదా? ఈ నెలలో ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళి, కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆ మాట అన్నది నేనేనని. ఫోన్‌లో అవతల ఎవరూ లేరని.

అన్నపూర్ణ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేను కూడా నమ్మానండీ కొన్నాళ్ళు" అంది. "హైదరాబాదు నుంచి వచ్చేసిన కొత్తలో, ఆయన పడుకున్నాక దగ్గరికెళ్ళి నోరు వాసన చూసేదాన్ని. ఆయనకి తెలిసేది. కళ్ళు తెరిచేవారు కాదు."

నేను కాళ్ళ మీద పడబోయాను. వెనక్కి జరిగింది.

"నాకు చెబితే ఏం లాభమండీ? నమ్మినవాళ్ళందరికీ చెప్పండి" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆవిడ మళ్ళీ నా మొహం చూడదు. చూడమని అడిగే హక్కు నాకు లేదు. నమ్మినవాళ్ళందరూ ఎక్కడున్నారో నాకు తెలియదు. కొందరు పోయారు, కొందరు మరిచిపోయారు, కొందరికి శేషు ఎవరో కూడా తెలియదు. అందుకని మీకు చెబుతున్నాను. నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు, అంతవరకు ఇప్పటికీ పిరికివాణ్ణే. కానీ ఆ సీరియళ్ళు చూసినవాళ్ళు పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.

శేషగిరి తాగేవాడు కాదు. ఒక్క చుక్క కూడా. ఇది రాశాక, ఈ గదిలో ఒక్కణ్ణే కూర్చుని పైకి చదివాను. గొంతు చీలింది. అయినా చివరిదాకా చదివాను.